పెంపుడు ప్రాణులకు మీల్‌వార్మ్ పెంపకం: ధాన్యం గల ఇంట పాటించవలసిన పద్ధతి

తొలకరి వాన వెలిసిన సాయంత్రం పుట్టల నుండి ఉసిళ్ళు లేచినప్పుడు పెరటి కోళ్ళు ముందున్న గింజలను విడిచి వాటి వెంట పరుగెత్తడం పల్లెలలో అందరూ ఎరిగిన దృశ్యమే. కోడిపిల్లలకు చెదలు పెట్టడం కూడా పాత అలవాటే. పేడ, తడి గడ్డి కూరిన కుండను పుట్ట వద్ద బోర్లించి, రెండు మూడు దినాల తరువాత అందులో చేరిన చెదలను పిల్లల ముందు దులపడం పెద్దలకు తెలిసిన విద్య. ఎదిగే పక్షికి పురుగు బలమైన ఆహారమన్న సంగతిని గ్రామీణులు ఏ గ్రంథమూ చదువకుండానే గ్రహించారు. అయితే ఉసిళ్ళు ఏడాదిలో కొద్ది దినాలే కనిపిస్తాయి. చెదలు పుట్ట ఉన్నచోటనే లభిస్తాయి. సంవత్సరమంతా ఇంటిలోనే, ఒక చిన్న తొట్టెలో పెంచుకోదగిన పురుగు మీల్‌వార్మ్.

కోలారు, బళ్ళారి, హోసూరు, రాయగడ, సిరొంచ, యానాం పరిసరాలలోని తెలుగు కుటుంబాలలో నాటుకోళ్ళతో పాటు అక్వేరియం చేపలు, పంజరపు పక్షులు పెంచే పిల్లలు ఉన్నారు. వారిలో ఎవరైనా ఈ పురుగుల డబ్బాను ఇంటికి తెస్తే మొదట అభ్యంతరం చెప్పేది ఇంటి పెద్దావిడే. బియ్యంలో ముక్కుపురుగు, పిండిలో ఎర్రపురుగు చేరకుండా జన్మంతా కాపలా కాసిన ఆమెకు, కోరి పురుగులను పెంచడం వింతగా తోచడంలో ఆశ్చర్యం లేదు. ఆ అభ్యంతరం న్యాయమైనది. మీల్‌వార్మ్ కూడా పిండిని, ధాన్యపు తవుడును తినే జీవియే. కనుక ఈ పెంపకంలో మొదటి పాఠం పురుగును వృద్ధి చేయడం కాదు, దానిని తొట్టె దాటనీయకపోవడం. రెండవ పాఠం, దానిని పెంపుడు ప్రాణికి మితంగా పెట్టడం. ఈ రెండూ తెలిసిన ఇంట మాత్రమే ఈ పని శోభిస్తుంది.

పేరు, గుర్తింపు

మీల్‌వార్మ్ అనేది ఒక పెంకుపురుగు యొక్క లార్వా. దాని శాస్త్రీయ నామం టెనెబ్రియో మోలిటర్. లాటిన్ భాషలో మొదటి మాటకు చీకటిని కోరేది అనీ, రెండవ మాటకు పిండిమర నడిపేవాడు అనీ అర్థం. పిండిమరల చీకటి మూలలలో కనబడే స్వభావాన్ని బట్టి ఆ పేరు వచ్చింది. లార్వా పసుపు వన్నె కలిగి, నున్నగా, గట్టి చర్మంతో ఉంటుంది. పూర్తిగా ఎదిగినది సుమారు 2.5 నుండి 3 సెంటీమీటర్ల పొడవు, 0.1 గ్రాముకు కొంచెం పైబడిన బరువు ఉంటుంది. ఎదిగిన పెంకుపురుగు నల్లగా, ఒకటిన్నర సెంటీమీటర్ల పొడవున ఉంటుంది.

ఇళ్ళలో గోధుమపిండి డబ్బాలో కనిపించే 3, 4 మిల్లీమీటర్ల ఎర్రని పురుగు వేరు. అది ట్రైబోలియం కాస్టేనియం. మీల్‌వార్మ్ తొట్టెలో ఈ చిన్న ఎర్రపురుగు కనబడితే మేత కల్తీ అయినట్లు గ్రహించాలి.

కోళ్ళ ఫారాల లిట్టర్‌లో తిరిగే చిన్న నల్లపురుగు మూడవ జాతి. దీనిని ఆల్ఫిటోబియస్ డయాపెరినస్ అంటారు. దీని లార్వా చూపునకు చిన్న మీల్‌వార్మ్ వలెనే ఉంటుంది. ఉచితంగా దొరుకుతున్నది కదా అని ఫారాల నుండి దీనిని ఏరి తెచ్చి ఇంటి పిల్లలకు పెట్టడం పెద్ద పొరపాటు. కోళ్ళ పెంటలో తిరిగే ఈ పురుగు సాల్మొనెల్లా వంటి క్రిములను, బద్దెపురుగుల అండాలను మోసుకొని వస్తుంది. ఒక ఫారం నుండి మరొక పెరటికి రోగం చేరడానికి ఇదొక దారి.

అమ్మేవారు సూపర్‌వార్మ్ అని పిలిచేది నాల్గవది. దాని పేరు జోఫోబాస్ మోరియో. అది 5 సెంటీమీటర్ల వరకు పెరుగుతుంది. గుంపుగా ఉన్నంత కాలం ప్యూపాగా మారదు, శీతలానికి తాళలేదు. దాని పెంపకపు నియమాలు వేరు.

జీవిత చక్రం

ఈ పురుగు జీవితంలో గ్రుడ్డు, లార్వా, ప్యూపా, పెంకుపురుగు అనే నాలుగు దశలు ఉన్నాయి. ఉన్నత పాఠశాల విద్యార్థులు సంపూర్ణ రూప విక్రియ అని చదివే పాఠానికి ఇది సజీవమైన ఉదాహరణ.

గ్రుడ్లు ఒకటిన్నర మిల్లీమీటర్ల పొడవున, తెల్లగా, జిగురుగా ఉంటాయి. పెట్టిన వెంటనే తవుడు అంటుకొనడం వలన కంటికి కనిపించవు. వెచ్చదనాన్ని బట్టి ఒకటి రెండు వారాలలో పొదుగుతాయి. పుట్టిన లార్వా వెంట్రుక ముక్క వలె సన్నగా ఉంటుంది. అనేక మార్లు కుబుసం విడుస్తూ రెండు నుండి నాలుగు నెలలలో పూర్తిగా ఎదుగుతుంది. కుబుసం విడిచిన తక్షణం లార్వా పాలవలె తెల్లగా, మెత్తగా ఉంటుంది. అది రోగం కాదు. మెత్తని ఆ లార్వాలను చిన్న పిట్టలు, చేపలు సులువుగా తింటాయి.

ప్యూపా దశ ఒకటి నుండి మూడు వారాలు. ఈ దశలో అది తినదు, నడవదు, తాకినప్పుడు తోక మాత్రం కదుపుతుంది. తుదకు వెలువడే పెంకుపురుగు మొదట తెల్లగా, తరువాత గోధుమ వన్నెలో, కొన్ని దినాలకు నల్లగా మారుతుంది. అది రెండు మూడు నెలలు జీవిస్తుంది. ఒక ఆడపురుగు సాధారణంగా 250 నుండి 500 వరకు గ్రుడ్లు పెడుతుంది.

ఊరిని బట్టి వాతావరణం

మీల్‌వార్మ్‌కు 25 నుండి 28 డిగ్రీల ఉష్ణోగ్రత, 60 నుండి 70 శాతం గాలి తేమ అనుకూలం. 15 డిగ్రీలకు దిగువన ఎదుగుదల దాదాపు నిలిచిపోతుంది. 35 డిగ్రీలు దాటితే గ్రుడ్లు తగ్గి, చావులు పెరుగుతాయి. 40 డిగ్రీల వేడిలో తొట్టె మొత్తం నశించవచ్చు. చలిదేశాల వారు వ్రాసిన పుస్తకాలలో తొట్టెను వేడి చేయమని సలహా ఉంటుంది. తెలుగువారు నివసించే సరిహద్దు జిల్లాలలో అధిక భాగానికి ఆ సలహా వర్తించదు. ఇక్కడ పురుగును చంపేది చలికంటె వేసవియే.

సముద్రమట్టానికి ఎత్తైన కోలారు, హోసూరు ప్రాంతాలలో ఇంటి లోపలి గదిలో ఏడాదిలో అధిక కాలం ఈ పురుగు సుఖంగా పెరుగుతుంది. బళ్ళారి, సిరొంచ వంటి చోట్ల ఏప్రిల్, మే నెలల పగటి వేడి 40 డిగ్రీలు దాటుతుంది. అక్కడ తొట్టెను రేకుల కప్పు క్రింద ఉంచరాదు. మట్టి మిద్దె లోపల, నేలకు దగ్గరగా, ఎండ సోకని మూలలో పెట్టాలి. తడి ఇసుక పోసిన వెడల్పు పళ్ళెంలో ఇటుకలు పేర్చి, వాటి పైన తొట్టె నిలిపితే, మంచినీటి కుండ చల్లబడే విధంగానే తొట్టె చుట్టూ గాలి కొంత చల్లబడుతుంది. తడి తొట్టె వెలుపలనే ఉండాలి, లోపలికి రాకూడదు.

యానాంలో గాలి తేమ అధికం కనుక ఆ ఉపాయం అంతగా పనిచేయదు. అక్కడ బూజు, నల్లులు ప్రధాన శత్రువులు. మేతను పలుచగా పోసి, గాలి ఆడే చోట ఉంచి, కూరగాయ ముక్కలను తక్కువగా వేయాలి. కోరాపుట్ పీఠభూమిపై శీతకాలపు రాత్రులలో మాత్రం తొట్టెను వంటగది వెచ్చదనానికి చేరువగా ఉంచడం మేలు. అయినా పొయ్యి ప్రక్కన కాదు.

మరొక సంగతి. గుంపుగా చేరిన లార్వాలు తమ కదలిక వలన తామే వేడి పుట్టిస్తాయి. నిండు తొట్టె నడుమ వేడి గది వేడికంటె కొన్ని డిగ్రీలు ఎక్కువగా ఉంటుంది. కావున వేసవిలో ఒక లోతైన తొట్టెకంటె రెండు పలుచని తొట్టెలు మంచివి.

తొట్టె, మేత

నున్నని గోడలు గల ప్లాస్టిక్ తొట్టె, పాత ఎనామెల్ బేసిన్ లేదా స్టీలు పళ్ళెం ఏదైనా సరిపోతుంది. లోతు 15 సెంటీమీటర్లకు తగ్గకూడదు. నున్నని గోడను లార్వా గాని, పెంకుపురుగు గాని ఎక్కలేదు. చెక్క పెట్టెను, అట్టపెట్టెను కొరికి బయటపడతాయి. థర్మోకోల్ పెట్టె ఎంతమాత్రం పనికిరాదు. ఈ లార్వాలు థర్మోకోల్‌ను కొరికి తిని కొంతవరకు జీర్ణించుకోగలవని చైనా, అమెరికా శాస్త్రజ్ఞులు 2015లో ప్రకటించారు. తొట్టెపై సన్నని ఇనుప జాలీ మూత ఉండాలి. గాలి ఆడని మూత వలన లోపల చెమ్మ చేరుతుంది.

మేతకు గోధుమ తవుడు శ్రేష్ఠం. తెలుగులో కొందరు గోధుమ పొట్టు అనే దీనిని కన్నడంలో బూసా, తమిళంలో గోదుమై తవిడు, మరాఠీలో గవ్హాచా కోండా, ఒడియాలో చోకడ అని అడిగితే దాణా దుకాణాలలో ఇస్తారు. పశువుల దాణా మిశ్రమాన్ని కొనరాదు. అందులో ఉప్పు, యూరియా, మందులు కలిసి ఉండవచ్చు. వరి తవుడులో నూనె అధికంగా ఉండి, మర ఆడిన కొద్ది దినాలకే కనరు వాసన వేస్తుంది. కనుక దానిని వాడదలచినవారు తాజాదానిని దోరగా వేయించి, చల్లార్చి, గోధుమ తవుడుతో కొంచెం మాత్రమే కలపాలి. రాగిపిండి, జొన్నపిండి కొద్దిగా కలుపవచ్చు.

కొన్న తవుడును నేరుగా వాడకూడదు. అందులో ఇతర పురుగుల గ్రుడ్లు ఉంటాయి. వెడల్పు మూకుడులో, చేయి పెట్టలేనంత వేడి వచ్చేవరకు సన్నసెగపై కలియబెట్టి, పూర్తిగా చల్లారిన తరువాత 5 నుండి 8 సెంటీమీటర్ల మందాన తొట్టెలో పరచాలి. ఈ తవుడే పురుగుకు పరుపు, అదే అన్నం. కిలో పురుగులు తయారు కావడానికి రెండు కిలోలకు పైగా మేత పడుతుంది.

నీటి గిన్నె పెట్టరాదు. పురుగులు అందులో పడి చస్తాయి, తవుడు తడిసి బూజు పడుతుంది. తేమ కొరకు క్యారట్, చిలగడదుంప, బంగాళాదుంప ముక్కలను బాగా కడిగి, తడి తుడిచి పైన ఉంచాలి. ఒకటి రెండు దినాలకు మిగిలిన ముక్కలు తీసి క్రొత్తవి వేయాలి. పుచ్చకాయ, దోసకాయ వంటి నీటి కాయలు చెమ్మ పెంచుతాయి. పురుగుల మందు చల్లిన పొలం నుండి వచ్చిన ఆకుకూర వేస్తే మరునాటికి తొట్టె ఖాళీ కావచ్చు. ధాన్యంలో వేసే అలవాటు కొద్దీ వేపాకు కూడా వేయరాదు. వేప పురుగుల ఎదుగుదలను అడ్డగించే గుణం కలది.

మూడు తొట్టెల పద్ధతి

ఒకే తొట్టెలో అన్ని దశలనూ ఉంచితే లార్వాలు, పెంకుపురుగులు కలిసి గ్రుడ్లను, కదలలేని ప్యూపాలను తినివేస్తాయి. కనుక మూడు తొట్టెలు అవసరం.

మొదటి తొట్టెలో 300 నుండి 500 వరకు లార్వాలతో ప్రారంభించాలి. వాటిలో కొన్ని ప్యూపాలుగా మారడం కనిపించగానే వారానికి రెండుసార్లు చెంచాతో మెల్లగా ఎత్తి రెండవ తొట్టెలో వేయాలి. అందులో మేత అవసరం లేదు, పలుచగా తవుడు చాలు. అవి పెంకుపురుగులు కాగానే మూడవ తొట్టెలోనికి మార్చాలి. మూడవ తొట్టెలో సన్నగా జల్లించిన తవుడు, క్యారట్ ముక్కలు, పైన దాగడానికి ఒక కాగితపు ముక్క ఉండాలి.

పెంకుపురుగులు నల్లబడిన తరువాత వారం పది దినాలకు గ్రుడ్లు పెట్టసాగుతాయి. రెండు వారాలకు ఒకసారి జల్లెడ పట్టి పురుగులను క్రొత్త తవుడు గల తొట్టెకు మార్చి, గ్రుడ్లున్న పాత తవుడును కదలించకుండా ఉంచాలి. ఇక్కడనే చాలామంది తొందరపడతారు. ఏమీ కనిపించడం లేదని ఆ తవుడును పారవేస్తారు. మూడు నాలుగు వారాలు ఓపిక పట్టి, తవుడును తేరిపార చూస్తే, దాని పైభాగం అతి సన్నగా కదలడం తెలుస్తుంది. అవే క్రొత్త లార్వాలు. తొట్టెపై తేదీ వ్రాసిన చీటీ అంటించడం ఈ పొరపాటుకు మందు.

ఎంత పెంపకం చాలునో లెక్క కట్టవచ్చు. పది పెట్టలు గల ఇంట ఒక్కొక్కదానికి పది లార్వాల చొప్పున వారానికి మూడుసార్లు పెడితే వారానికి 300, మూడు నెలలకు సుమారు 3,600 లార్వాలు కావాలి. నూరు పెంకుపురుగులలో సగం ఆడవి అనుకొని, ఒక్కొక్కటి 250 గ్రుడ్లు పెడితే 12,500 గ్రుడ్లు. అందులో సగం నష్టపోయినా ఆరు వేలకు పైగా లార్వాలు మిగులుతాయి. అంటే నూరు పెంకుపురుగులు గల ఒక్క తొట్టె ఆ ఇంటికి సరిపోతుంది. అంతకు మించి పెంచడం వలన మేత దండుగ, వాసన అదనం.

తవుడు అడుగున ఇసుక వంటి సన్నని పొడి చేరుతుంది. అది పురుగుల విసర్జన. నెలకొకసారి పిండి జల్లెడ వంటి సన్న జల్లెడతో దానిని వేరు చేయాలి. ఆ జల్లెడను మళ్ళీ వంటకు వాడకూడదు. గ్రుడ్లు, చిన్న లార్వాలు ఉన్న తొట్టెను జల్లించరాదు. వేరు చేసిన పొడి పూలకుండీలకు, కూరపాదులకు మంచి ఎరువు. అయితే దానిని మండుటెండలో పలుచగా ఆరబెట్టిన తరువాతనే వేయాలి.

ధాన్యపు గదికి రక్షణ

తొట్టె ఎన్నడూ ధాన్యపు గదిలో గాని, గాదె ప్రక్కన గాని, వంట సరుకుల అలమారలో గాని ఉండకూడదు. సరుకులకు, తొట్టెకు మధ్య కనీసం ఒక గది గోడ ఉండాలి. తొట్టె నుండి తీసిన తవుడును తిరిగి పిండి డబ్బాలో పోయరాదు, పశువుల కుడితిలో కలుపరాదు. పారవేయవలసి వచ్చినప్పుడు మరిగే నీరు పోసి, లేదా ఫ్రీజర్‌లో రెండు మూడు దినాలు ఉంచి, పిదప మట్టిలో పూడ్చాలి. ప్రాణమున్న పురుగులను పెంటదిబ్బపై, పొలంలో విడువరాదు.

ధాన్యానికి వాడే మందు కూడా తొట్టెకు శత్రువే. గాదెలో పొగబిళ్ళలు పెట్టే ఇళ్ళలో ఆ విషవాయువు మనుష్యులకే ప్రాణాపాయం. అటువంటి గది దరిదాపులలో ఏ ప్రాణినీ ఉంచకూడదు. చీమల బెడదకు చీమల మందు, సుద్దగీతలు వాడరాదు. వాటిలోని విషం లార్వాలకు తగిలి, వాటిని తిన్న పిట్టలకూ చేరుతుంది. పూర్వం పాలు, పెరుగు ఉంచే బల్ల కాళ్ళ క్రింద నీళ్ళ గిన్నెలు పెట్టిన విధంగా తొట్టె ఉంచిన బల్లకు పెట్టడం ఉత్తమం. ఆ నీటిలో రెండు చుక్కల సబ్బునీరు కలిపితే చీమలు తేలి దాటలేవు.

ఎలుకలను తొట్టె దరి చేరనీయరాదు. ఎలుక పెంటలోని బద్దెపురుగు అండాలను పెంకుపురుగులు తిన్నప్పుడు ఆ పరాన్నజీవి వాటి శరీరంలో ఒక దశ గడుపుతుంది. జాలీ మూత అవసరం పురుగు పారిపోకుండా ఉండడానికి ఎంతో, ఎలుక చొరబడకుండా ఉండడానికీ అంతే.

అపాయ సూచనలు

అమోనియా ఘాటు వస్తే విసర్జన పేరుకొన్నదని అర్థం. వెంటనే జల్లించాలి. తొట్టె గోడపై దుమ్ము వంటిది ఉండి, భూతద్దంతో చూస్తే కదులుతూ ఉంటే అవి నల్లులు. చెమ్మ ఎక్కువైనప్పుడు పుడతాయి. పెద్ద లార్వాలను ఏరి క్రొత్త తవుడుకు మార్చి, మిగిలినది నాశనం చేయాలి. తవుడు ఉండలు కట్టి సాలెగూడు వంటి దారాలు కనిపిస్తే ధాన్యపు రెక్కలపురుగు చేరినట్లు. నల్లబడి మెత్తబడిన లార్వాలు చచ్చినవి. వాటిని ప్రతిదినం ఏరివేయాలి, ఏ ప్రాణికీ పెట్టరాదు.

పోషక విలువ, సున్నపు లోపం

సజీవమైన మీల్‌వార్మ్‌లో సుమారు 60 శాతానికి పైగా నీరు, 19, 20 శాతం మాంసకృత్తులు, 13 శాతం క్రొవ్వు ఉంటాయి. ఎండబెట్టినదానిలో మాంసకృత్తులు 50 శాతం చేరువకు, క్రొవ్వు 30 శాతం చేరువకు వస్తాయి. ఐరోపా సమాఖ్య 2021లో ఎండిన మీల్‌వార్మ్‌ను మనుష్యుల ఆహారంగా కూడా అనుమతించింది. శుభ్రంగా పెంచిన పురుగు రోత వస్తువు కాదనడానికి ఇది నిదర్శనం.

అయితే ఇందులో ఒక పెద్ద లోపం ఉన్నది. 100 గ్రాముల పురుగులలో భాస్వరం 280 మిల్లీగ్రాములకు పైగా ఉండగా, కాల్షియం 20 మిల్లీగ్రాములైనా ఉండదు. ఎదిగే ప్రాణికి కాల్షియం భాస్వరంతో కనీసం సమానంగా ఉండాలి. ఈ పురుగులతోనే కడుపు నింపిన పిల్లలకు ఎముకలు మెత్తబడి, కాళ్ళు వంకర పోతాయి. గ్రుడ్లు పెట్టే పెట్టకు పెంకు పలుచబడుతుంది. క్రొవ్వు అధికమై పంజరపు పక్షులు, చేపలు లావెక్కి కాలేయం చెడిపోతుంది. ప్రేమకొద్దీ ఎక్కువ పెట్టడమే హాని చేస్తుందన్న సంగతి పిల్లలకు ముందుగా బోధించాలి.

ఈ లోపాన్ని సవరించడానికి రెండు మార్గాలు ఉన్నాయి. ఒకటి, పెట్టడానికి ఒకటి రెండు దినాల ముందు లార్వాలను వేరు చేసి కాల్షియం కలిపిన మేత పెట్టడం. రెండవది, పెట్టే వేళ లార్వాలపై కాల్షియం కార్బొనేట్ పొడిని పలుచగా చల్లడం. ఉడికించి, ఎండబెట్టి, మెత్తగా దంచిన కోడిగ్రుడ్డు పెంకుల పొడి ఇందుకు చాలు. అది అధిక భాగం కాల్షియం కార్బొనేటే. తీర ప్రాంతాలలో దొరికే సముద్రపు నురుగు, అనగా కటిల్ బోన్, కూడా అదే పదార్థం. రాగులలో కాల్షియం ఇతర ధాన్యాలకంటె ఎంతో అధికమైనా, ఆ ఒక్కదానితో ఇంత లోటు పూడదు.

తాంబూలపు సున్నాన్ని మాత్రం ఎన్నడూ వాడకూడదు. అది కాల్షియం హైడ్రాక్సైడ్. తినే ప్రాణి నోటిని, గొంతును కాల్చివేస్తుంది. రాతిపొడి, రంగులు కలిసే ముగ్గుపిండి కూడా నిషిద్ధమే.

ఏ ప్రాణికి ఎంత

ఏ ప్రాణికైనా దినపు ఆహారంలో పదింట ఒక వంతుకు మించి మీల్‌వార్మ్ ఉండకూడదు.

నాటుకోడి పిల్లలకు మొదటి రెండు వారాలు ఇవి అవసరం లేదు. తరువాత దినానికి మూడు నుండి ఐదు వరకు చిన్న లార్వాలు చాలు. ఎదిగిన పెట్టకు వారానికి మూడుసార్లు, పది పదిహేను చొప్పున పెట్టవచ్చు. ఈకలు రాల్చి క్రొత్తవి మొలిపించే కాలంలో ఇవి బాగా ఉపకరిస్తాయి. జపాన్ కౌజుపిట్టలకు కోడికి పెట్టే దానిలో మూడవ వంతు చాలు.

సంతలలో లవ్‌బర్డ్స్ అని అమ్మే బడ్జెరిగార్ పక్షులు, ఫించ్‌లు ప్రధానంగా గింజలు తినేవి. పిల్లలను సాకే కాలంలో కుబుసం విడిచిన తెల్లని లార్వా ఒకటి రెండు ఇవ్వవచ్చు. తక్కిన కాలంలో అవసరం లేదు. పావురాలకు, కుందేళ్ళకు ఇవి పెట్టనక్కర లేదు.

చేపలలో ఆస్కార్, అరోవానా, ఫ్లవర్‌హార్న్ వంటి పెద్ద మాంసాహార జాతులకు వారానికి రెండు మూడుసార్లు, కొద్ది లార్వాల చొప్పున వేయవచ్చు. గౌరామీ వంటి చిన్న నోటి చేపలకు ముక్కలు చేసి వేయాలి. గప్పీలకు ఇవి పనికిరావు. ఐదు నిమిషాలలో తినని వాటిని తీసివేయకుంటే నీరు చెడుతుంది.

మింగిన పురుగు కడుపును కొరికి బయటకు వస్తుందన్న భయం నిరాధారం. మింగిన పురుగు లోపల ఎక్కువసేపు బ్రతకదు. కాని తినకుండా మిగిలిన లార్వాలను గూటిలో విడిచిపెట్టరాదు. అవి దాగి, పెరిగి, చివరకు ఇంటిలోనికి చేరతాయి.

చట్టం

పురుగుల పెంపకానికి ముందు ఏ ప్రాణి కొరకు పెంచుతున్నారో చూచుకోవాలి. రామచిలుక, గోరువంక, మునియా వంటి దేశీయ అడవి పక్షులను బంధించి పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. కోలారు, చిత్తూరు చుట్టుప్రక్కల పొదలలో కనిపించే నక్షత్ర తాబేలుకు కూడా ఆ చట్టపు రక్షణ ఉన్నది. పైగా అది ప్రధానంగా గడ్డి, ఆకులు తినే ప్రాణి. గూటి నుండి పడిన అడవి పక్షిపిల్ల దొరికితే ఇంటిలో పురుగులు పెట్టి సాకకుండా అటవీ శాఖవారికి అప్పగించాలి. సరిహద్దుకు ఏ వైపున ఉన్నా, చట్టం ఒకటే.

నిల్వ, శుభ్రత

పూర్తిగా ఎదిగిన లార్వాలను 5 నుండి 10 డిగ్రీల చల్లదనంలో ఉంచితే ఎదుగుదల ఆగి, కొన్ని వారాలపాటు లార్వాలుగానే ఉంటాయి. తవుడుతో సహా చిల్లుల మూత గల డబ్బాలో ఉంచి, వారానికొకసారి బయటకు తీసి, చురుకుదనం వచ్చాక ఒక క్యారట్ ముక్క తిననిచ్చి, మళ్ళీ పెట్టాలి. ఇంటి ఫ్రిజ్‌లో ఉంచదలిస్తే మరొక పెద్ద డబ్బాలో అమర్చి, ఇంటివారి సమ్మతితో, వండిన ఆహారానికి దూరంగా, అడుగు అరలో ఉంచాలి. ఫ్రిజ్ లేనివారు నిల్వ ప్రయత్నం మాని, తొట్టెలను నెల తేడాతో ప్రారంభిస్తే ఎల్లప్పుడూ తగిన పరిమాణపు లార్వాలు లభిస్తాయి.

తొట్టెను తాకిన తరువాత సబ్బుతో చేతులు కడుగుకోవాలి. జల్లించేటప్పుడు లేచే పొడి కొందరికి తుమ్ములు, దురద, ఉబ్బసం కలిగిస్తుంది. రొయ్యలు తింటే దద్దుర్లు వచ్చేవారికి ఈ పురుగులు కూడా పడకపోవచ్చు. ముక్కుకు గుడ్డ కట్టుకొని, పెరటిలో, గాలి వీచే దిక్కుకు వీపు పెట్టి జల్లించడం మంచిది. ఉబ్బసం ఉన్న పిల్లలకు ఈ పని అప్పగించరాదు.

ముగింపు

ఈ పెంపకానికి పెట్టుబడి స్వల్పం. మూడు తొట్టెలు, ఒక జల్లెడ, కొంచెం తవుడు, మూడు నెలల ఓపిక చాలు. అయినా క్రమశిక్షణ లేని ఇంట ఇది నష్టమే తెస్తుంది. తొట్టెలోనికి చెమ్మ పోకూడదు, తొట్టె వెలుపలికి పురుగు పోకూడదు, ప్రాణికి పెట్టేటప్పుడు మితం తప్పకూడదు. ఈ మూడు నియమాలను పాటించినచోట కోడిపిల్ల బలంగా ఎదుగుతుంది, బడి పిల్లవాడు పుస్తకంలోని పాఠాన్ని కళ్ళారా చూస్తాడు, ఇంటి పెద్దావిడ గాదెలోని గింజ గింజగానే ఉంటుంది.